పదునులోని కరుణ

హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ ముస్లిం గ్రంథంలో ఖుర్బానీ ప్రకరణంలో ఉంది. దైవప్రవక్త (స) కొమ్ములు గల ఒక పొట్టేలును తెప్పించారు. దాని కాళ్ళు, పొట్ట, కళ్ళ చుట్టూ ఉన్న భాగం నల్లగా ఉన్నాయి. అప్పుడు ఆయన తమ సతీమణిని కత్తి తెమ్మన్నారు. తెచ్చిన తరువాత దానిని రాతి మీద నూరి పదును పెట్టమన్నారు. ఆమె అలాగే చేశారు. ఆ తరువాతనే ఆయన కత్తిని అందుకున్నారు. పొట్టేలును పరుండబెట్టి, అల్లాహ్ పేరు స్మరించి, తమ తరఫున, తమ కుటుంబం తరఫున, తమ ఉమ్మత్ తరఫున దానిని స్వీకరించమని వేడుకుంటూ జిబహ్ చేశారు.

ఏటా జిల్‌హిజ్జ మాసంలో ఈ హదీసును మనం ఖుర్బానీ ఆదేశాల కోసం చదువుతాము, వింటాము. అయితే ఇందులో గృహస్థ జీవితానికి సంబంధించిన పాఠం కూడా ఉంది. కత్తి ఇంట్లోదే, దానిని నూరిన చేయి ఇంటి ఇల్లాలిది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ పనుల వరుస. మొదట పదును, తరువాతనే పొట్టేలు.

నేడు మన ఇళ్ళ పరిస్థితి చూడండి. వంటింట్లో నాలుగైదు కత్తులు ఉంటాయి గానీ సానరాయి ఉండదు. కత్తి మొద్దుబారితే సాన పట్టేవాడు వీధిలోకి వచ్చేదాకా ఎదురుచూస్తాము. అతడు రాకపోతే కొత్త కత్తి కొంటాము. బక్రీద్ ఉదయం ఈద్‌గాహ్ నుండి తిరిగి వచ్చాక, మేకను పెరట్లో కట్టేసి ఉంచి, పదునున్న కత్తి ఎవరింట్లో ఉందని వెతికే కుటుంబాలు కూడా ఉన్నాయి. కత్తికి పదును పెట్టడం గొప్ప విద్యేమీ కాదు. ఒక రాయి, ఒక గిన్నెడు నీరు, అరగంట ఓపిక ఉంటే చాలు. దానిని కత్తి వాడే చేయే నేర్చుకోవాలని, అవసరం ముంచుకురాక ముందే చేసి ఉంచాలని చెప్పడమే ఈ వ్యాస ఉద్దేశం.

మొండి కత్తే ప్రమాదకరం

పదునైన కత్తి చేతిని కోస్తుందని, మొండి కత్తి వల్ల ప్రమాదం లేదని చాలామంది భావిస్తారు. పిల్లల చేతికి అందుతుందన్న భయంతో ఇంట్లో మొండి కత్తినే ఉంచే తల్లులు ఉన్నారు. కానీ అనుభవం దీనికి విరుద్ధం. పదునున్న కత్తి తన బరువుతోనే దిగుతుంది. దానిని నడిపిస్తే చాలు, నొక్కనక్కరలేదు. మొండి కత్తిని బలంగా నొక్కాలి. టమాటా తొక్క మీద, ఉల్లిగడ్డ నున్నటి ఒంటి మీద అది పట్టు దొరక్క జారుతుంది. నొక్కిన బలమంతా ఎదుటి చేతి వేళ్ళ మీద పడుతుంది. పైగా మొండి కత్తి చేసిన గాయం చీరుకుపోయినట్టు ఉంటుంది. పదునైన కత్తి గాయానికి అంచులు సమంగా ఉంటాయి. పిల్లల విషయంలో రక్షణ కత్తిని అందని చోట ఉంచడంలో ఉంది గానీ దానిని మొద్దుబార్చడంలో లేదు.

నష్టం వేళ్ళతోనే ఆగదు. మొండి కత్తి కోయదు, నలుపుతుంది. కొత్తిమీర, పుదీనా ఆకులు దాని కింద నలిగి, అంచులు నల్లబడి, రసం పలక మీదనే మిగిలిపోతుంది. ఉల్లిపాయ కణాలు చితికి, కళ్ళను మండించే ఘాటు మరింతగా వెలువడుతుంది. బిర్యానీ కోసం కిలోల కొద్దీ ఉల్లిపాయలు సన్నగా, ఒకే మందంలో తరిగే మన ఇళ్ళలో ఈ తేడా బాగా తెలుస్తుంది. మందం సమానంగా లేని ముక్కలు కొన్ని మాడతాయి, కొన్ని పచ్చిగా ఉంటాయి. మాంసం పీచుకు అడ్డంగా శుభ్రంగా తెగకపోతే ముక్క ఆకారం చెడుతుంది. ప్రతిరోజూ గంటల తరబడి నొక్కి నొక్కి కోసే ఇల్లాలి మణికట్టుకు కలిగే నొప్పి మాత్రం ఏ లెక్కలోకీ రాదు.

పదును అంటే ఏమిటి?

కత్తికి రెండు పక్కలు. ఆ రెండు పక్కలు వాలుగా దిగి కలిసే గీతను వాదర అంటాము. ఆ గీత ఎంత సన్నగా ఉంటే కత్తి అంత పదును. మంచి పదునున్న వాదర మందం మిల్లీమీటరులో 1000వ వంతు ప్రాంతంలో ఉంటుంది. మన తల వెంట్రుక దానికి 50 రెట్లకు పైగా లావు. వాడుతూ ఉన్నకొద్దీ ఈ సన్నని గీత మూడు విధాలుగా చెడుతుంది. కొంత అరిగి గుండ్రబడుతుంది. కొంత ఒక పక్కకు మడత పడుతుంది. ఎముకకో, గట్టి పలకకో తగిలినప్పుడు కొంత విరిగి చిన్న చిన్న పళ్ళు ఏర్పడతాయి. సాన పట్టడం అంటే రెండు పక్కల నుండీ కొద్దిపాటి ఉక్కును అరగదీసి, ఆ రెండు వాలులు మళ్ళీ సన్నని గీతగా కలిసేలా చేయడమే.

పదును నిలిచే గుణం ఉక్కును బట్టి ఉంటుంది. దివ్యఖుర్ఆన్‌లో 57వ సూరాకు ఇనుము పేరే పెట్టబడింది. అందులో గొప్ప శక్తి, మానవులకు ప్రయోజనాలు ఉన్నాయని ఆ సూరా 25వ ఆయత్ తెలుపుతుంది. ఆ ప్రయోజనాలలో మన తెలుగు నేలకూ ఒక భాగం ఉంది. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఒకప్పుడు మూసల్లో కరిగించిన మేలిమి ఉక్కుకు ప్రసిద్ధి. అక్కడి ఉక్కును కొనడానికి ఇరాన్ నుండి వర్తకులు వచ్చేవారు. ఐరోపావారు ఈ ఉక్కును ఊట్జ్ అని పిలిచారు. ఆ పేరు దక్షిణాది భాషల ‘ఉక్కు’ నుండే పుట్టిందని భాషావేత్తలలో ఎక్కువమంది అభిప్రాయం. ఇంత చరిత్ర ఉన్న ప్రాంతంలో పదును పెట్టడం తెలియని ఇళ్ళు పెరగడం విచారకరం.

నేటి వంటింటి కత్తులు సాధారణంగా రెండు రకాలు. మొదటిది కమ్మరి కొలిమిలో తయారైన మామూలు ఉక్కు కత్తి. ఇది త్వరగా పదునెక్కుతుంది, కానీ తడి తగిలితే తుప్పు పడుతుంది. రెండవది స్టెయిన్‌లెస్ స్టీలు కత్తి. ఇందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది గనుక సులభంగా తుప్పు పట్టదు. దానికి పదును పెట్టడానికి కొంచెం ఎక్కువ సమయం పడుతుంది. రెండింటికీ పద్ధతి ఒక్కటే. రంపపు పళ్ళ వంటి అంచున్న బ్రెడ్ కత్తిని మాత్రం ఈ రాతి మీద పెట్టకూడదు.

రాయి ఎంపిక

సానరాయి ఉక్కు కన్నా గట్టి రేణువులతో కూడి ఉండాలి. పూర్వం ప్రకృతిలో దొరికే ఇసుకరాయి, నున్నటి చెకుముకి జాతి రాళ్ళు వాడేవారు. నేడు ఇనుప సామాన్ల దుకాణాలలో దొరికే బూడిదరంగు లేదా నల్లటి రాయి ఎక్కువగా కార్బొరండంతో చేసినది. ఇసుకను, కోక్ బొగ్గును విద్యుత్ కొలిమిలో కలిపి కాల్చి ఆ పదార్థాన్ని తయారుచేస్తారు. 1891లో ఎడ్వర్డ్ అచిసన్ అనే అమెరికన్ దీనిని కనుగొన్నాడు. తెలుపు, గోధుమ రంగుల్లో ఉండే రాళ్ళలో అల్యూమినియం ఆక్సైడ్ ఉంటుంది.

రాయి గరుకుదనాన్ని గ్రిట్ సంఖ్యతో చెబుతారు. సంఖ్య చిన్నదైతే రేణువులు పెద్దవి, రాయి గరుకు. సంఖ్య పెద్దదైతే రేణువులు సన్నవి, రాయి నునుపు. 200 నుండి 400 వరకు ఉన్న రాయి బాగా మొద్దుబారిన, పళ్ళు విరిగిన కత్తికి కావాలి. 800 నుండి 1000 వరకు ఉన్నది ఇంటి కత్తులన్నిటికీ ప్రధానమైన రాయి. 3000 నుండి 6000 వరకు ఉన్నది వాదరను నునుపు చేయడానికి. కొత్తగా మొదలుపెట్టేవారికి ఒక పక్క 400, మరో పక్క 1000 ఉన్న జంటరాయి ఒక్కటి చాలు. రాయి పొడవు కత్తి పొడవుకు దాదాపు సమానంగా ఉంటే చేయి సాఫీగా సాగుతుంది. అరచేతిలో ఇమిడే చిన్న రాయి కత్తిపీటకు పనికివస్తుంది గానీ పొడవాటి కత్తికి ఇబ్బంది.

రాతి మీద నీరైనా వాడాలి, పలుచని యంత్రపు నూనె అయినా వాడాలి. ఇంట్లో నీరే మేలు. ఒకసారి నూనె పీల్చిన రాయి మీద తరువాత నీరు సరిగా పనిచేయదు. వంటనూనెను ఎన్నడూ వాడకూడదు. అది జిగటగా మారి రాతి రంధ్రాలను పూడుస్తుంది.

సాన పట్టే విధానం

నానబెట్టవలసిన రకం రాయి అయితే దానిని నీటిలో 10 నుండి 15 నిమిషాలు ఉంచండి. రాతి నుండి బుడగలు రావడం ఆగితే సిద్ధమైనట్టే. తడి గుడ్డను మడతపెట్టి బల్ల మీద పరచి, దాని మీద రాయిని మీకు ఎదురుగా నిలువుగా ఉంచండి. రాయి కదలకూడదు. పక్కన నీటి గిన్నె ఉంచుకోండి. చిన్న పిల్లలు ఆ గదిలో లేకుండా చూడండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది కోణం. కత్తి వీపును రాతి మీద నుండి ఎంత ఎత్తు లేపామన్నదే పదునును నిర్ణయిస్తుంది. కూరగాయల కత్తికి ఒక్కో పక్క 15 నుండి 20 డిగ్రీల కోణం తగును. ఎముకలు కొట్టే బరువైన కత్తికి 25 డిగ్రీల వరకు ఉండాలి. లేకుంటే దెబ్బకు వాదర విరుగుతుంది. డిగ్రీలు కొలవడానికి సాధనాలు అక్కరలేదు. ఒక కాగితం మూలను తీసుకోండి, అది 90 డిగ్రీలు. అంచుల్ని కలిపి ఒకసారి మడిస్తే 45, మళ్ళీ మడిస్తే 22.5 డిగ్రీలు. ఆ మడతను రాతి మీద ఆనించి, కత్తిని దానికన్నా కొంచెం తక్కువ ఎత్తులో ఉంచండి. మరో గుర్తు కూడా ఉంది. వెడల్పు 4 సెంటీమీటర్లు ఉన్న కత్తి వీపును సుమారు 1 సెంటీమీటరు లేపితే 15 డిగ్రీలు, 1.4 సెంటీమీటర్లు లేపితే 20 డిగ్రీలు అవుతుంది. మీరు ఎంచుకున్నది 16 అయినా 19 అయినా నష్టం లేదు. మొదటి నుండి చివరి వరకు అదే కోణం నిలవాలి. చేయి ఊగితే వాదర గుండ్రబడుతుంది.

పిడిని కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేతి రెండు మూడు వేళ్ళను కత్తి పక్కతలం మీద, వాదరకు దూరంగా ఆనించండి. వాదర మీకు అవతలి వైపుకు ఉండాలి. పిడి దగ్గరి భాగాన్ని రాతి ఇవతలి చివరన పెట్టి, రాతి మీద నుండి పలుచని పొర చెక్కుతున్నట్టుగా ముందుకు తోస్తూ, అదే సమయంలో కత్తిని పక్కకు జరపండి. రాతి అవతలి చివర చేరేసరికి కత్తి మొన రాతి మీద ఉండాలి. ఈ విధంగా వాదర అంతా ఒక్క ఊపులో రాతిని తాకుతుంది. మొన దగ్గర వంపు ఉన్నచోట పిడిని కొద్దిగా లేపాలి. బలం ప్రయోగించవద్దు. రాయి తన పని తాను చేస్తుంది. మధ్యమధ్య నీరు చిలకరించండి. రాతి మీద బూడిదరంగు బురద ఏర్పడుతుంది. దానిని కడిగివేయకండి, అందులోని రేణువులే ఉక్కును అరగదీస్తాయి.

పది, పదిహేను ఊపుల తరువాత ఆగి, బొటనవేలిని కత్తి వీపు నుండి వాదర వైపుకు, వాదర దాటి బయటికి పోయేలా తేలికగా జరపండి. వేలిని వాదర పొడవునా ఎన్నడూ నడపవద్దు. రాతికి తాకని రెండవ పక్కన ఒక సన్నని గరుకు వేలికి తగులుతుంది. అది అరిగిన ఉక్కు అవతలి వైపుకు ఒరిగి ఏర్పడిన నూగు. ఇది పిడి నుండి మొన వరకు అంతటా తగిలిందంటే ఆ పక్క పని పూర్తి అయినట్టు. కొన్నిచోట్ల తగలకపోతే ఆ చోట ఇంకా నూరాలి. నూగు రాకముందే కత్తి తిప్పేయడం వల్లనే చాలామందికి గంటసేపు నూరినా పదును రాదు.

ఇప్పుడు కత్తిని తిప్పి వాదర మీ వైపుకు ఉండేలా పెట్టి, అదే కోణంలో రెండవ పక్కను నెమ్మదిగా మీ వైపుకు లాగుతూ నూరండి. నూగు మొదటి పక్కకు మారుతుంది. తరువాత రాతి నునుపు పక్కకు మారి, ఒత్తిడి తగ్గిస్తూ ఒక్కో పక్క పది, తరువాత ఐదు, తరువాత మూడు, చివరకు ఒక్కొక్కటి చొప్పున మార్చి మార్చి ఊపండి. నూగు క్రమంగా పలుచబడి రాలిపోతుంది. మిగిలినదాన్ని తొలగించడానికి పాత తోలు బెల్టు లోపలి వైపు గానీ, రాతి మీద పరచిన వార్తాపత్రిక గానీ చాలు. ఈసారి మాత్రం వాదర వెనుక ఉండాలి, వీపు ముందు నడవాలి. లేకుంటే తోలు తెగుతుంది.

కోణం సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక ఉపాయం. నూరడానికి ముందు వాదర వాలు మీద మార్కర్ పెన్నుతో రంగు పూయండి. రెండు ఊపుల తరువాత చూడండి. రంగు పైభాగాన మాత్రమే పోతే వీపు మరీ కిందికి ఉంది. వాదర చివర మాత్రమే పోతే మరీ ఎత్తుగా ఉంది. వాలు అంతటా పోతే మీ చేయి సరైన చోట ఉంది.

పని అయ్యాక కత్తిని సబ్బుతో కడిగి వెంటనే తుడవండి. ఉక్కు పొడి ఆహారంలో కలవకూడదు. పదునును వేలితో పరీక్షించవద్దు. ఒక కాగితాన్ని గాలిలో పట్టి కోస్తే చిరగకుండా తెగాలి. పండిన టమాటా తొక్క మీద కత్తిని నొక్కకుండా ఉంచి లాగితే దిగాలి.

రాయి కూడా వాడగా వాడగా మధ్యలో అరిగి గుంట పడుతుంది. గుంట పడిన రాతి మీద కోణం నిలవదు. రాతి మీద పెన్సిలుతో గీతలు గీసి, చదునైన గాజుపలక మీద అంటించిన గరుకు కాగితంపై నీటితో రుద్దండి. గీతలన్నీ చెరిగితే రాయి చదునైనట్టే.

ఇతర పద్ధతుల మాట

మన పెద్దలు గడప రాతి మీద, రోటి అంచు మీద కత్తి నూరేవారు. ఏమీ లేనిచోట అది మంచి ఉపాయమే. అయితే ఆ రాయి గరుకు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. వాదర రంపంలా తయారై త్వరగా మొద్దుబారుతుంది. అత్యవసరంలో దానికన్నా మేలైనది పింగాణీ కప్పు అడుగున మెరుగు లేకుండా ఉండే వలయం. దాని మీద నాలుగు ఊపులు ఊపితే ఆ పూటకు పని జరుగుతుంది.

వీధుల్లో చక్రం తిప్పి సాన పట్టే శ్రామికులు గౌరవనీయులు. వారు వచ్చినప్పుడు పని ఇవ్వడం మంచిదే. విరిగిన వాదరను, వంగిన మొనను సరిచేయడం వారి చేతికే తెలుసు. అయితే పొడి చక్రం వేగానికి నిప్పురవ్వలు లేచేటప్పుడు సన్నని వాదర బాగా వేడెక్కుతుంది. వాదర నీలిరంగుకు తిరిగితే ఆ చోట ఉక్కు గట్టిదనం పోయినట్టే. తరచుగా నీటిలో ముంచమని మృదువుగా చెప్పండి. కత్తిని సందులో పెట్టి లాగే ప్లాస్టిక్ పరికరాలు తక్షణం పదును చూపిస్తాయి గానీ ఉక్కును చీరి తీస్తాయి, కత్తి ఆయుష్షు తగ్గుతుంది. మాంసం దుకాణంలో కసాయి సోదరులు మాటిమాటికీ కత్తిని రాసే ఉక్కు కడ్డీ వేరే పనికి. అది మడతపడిన వాదరను నిటారుగా నిలుపుతుంది, అరిగిన వాదరకు కొత్త పదును ఇవ్వదు. రాయి, కడ్డీ రెండూ ఉంటే రాతి అవసరం నెలకు ఒకసారికి తగ్గుతుంది.

కత్తిపీట విషయంలో పద్ధతి తారుమారు చేయాలి. దాని వంపు తిరిగిన అలుగును రాతి మీద పెట్టలేము గనుక రాయినే అలుగు దగ్గరకు తీసుకువెళ్ళాలి. పీటను కదలకుండా నిలిపి, చిన్న రాయిని తడిపి, కింది నుండి పైకి వాలు వెంట నడపాలి. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకోవడం అవసరం.

ఖుర్బానీకి ముందు

షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. అల్లాహ్ ప్రతి విషయంలోనూ ఇహ్‌సాన్‌ను, అంటే పనిని ఉత్తమ రీతిలో చేయడాన్ని విధిగా చేశాడని, జిబహ్ చేసేవాడు తన కత్తికి పదును పెట్టుకుని జంతువుకు ఉపశమనం కలిగించాలని దాని భావం. ఇహ్‌సాన్ అనగానే మనకు నమాజులోని ఏకాగ్రత, తహజ్జుద్ గుర్తుకు వస్తాయి. ఈ హదీసులో దైవప్రవక్త (స) దానికి ఉదాహరణగా కత్తి పదునును చూపించారు.

ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనాన్ని హాకిమ్ నమోదు చేశారు. ఒక వ్యక్తి మేకను పరుండబెట్టి, ఆ తరువాత దాని ఎదుటే కత్తి నూరుకుంటున్నాడు. దానిని రెండుసార్లు చంపదలిచావా, పరుండబెట్టక ముందే నూరుకోలేకపోయావా అన్న భావంతో దైవప్రవక్త (స) అతణ్ణి మందలించారు. జంతువును పరుండబెట్టిన తరువాత కత్తి నూరడం మక్రూహ్ అని హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలు పేర్కొన్నాయి. ఆ మనిషి చేసిన తప్పు కత్తి నూరకపోవడం కాదు, సమయానికి ముందు నూరకపోవడం. బక్రీద్ ఉదయం హడావిడిలో మన ఇళ్ళలో జరిగేది సరిగ్గా అదే.

జిబహ్‌కు వాడే కత్తిని ఇతర పనుల నుండి వేరుగా ఉంచండి. అది పొడవుగా, వాదర తిన్నగా, ఎక్కడా పన్ను లేకుండా ఉండాలి. వాదర మీద చిన్న పన్ను ఉన్నా అది చర్మాన్ని కోయక చీరుతుంది. పదును పెట్టాక కొంచెం దూదిని వాదర వెంట తేలికగా నడపండి. దూది పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ పన్ను గానీ నూగు గానీ మిగిలి ఉంది. మళ్ళీ నునుపు రాతి మీదకు వెళ్ళండి. చర్మం ఒలవడానికి మొన వంపుగా ఉన్న చిన్న కత్తి, ముక్కలకు మరో కత్తి, ఎముకలకు బరువైన కత్తి వేరుగా సిద్ధం చేసుకోండి. ఒకటికి మించి జంతువులు ఉంటే పదును పెట్టిన రెండవ కత్తి పక్కన ఉండాలి. మెడ ఎముకకు తగిలిన కత్తి మొదటి పదునుతో ఉండదు. అన్నిటినీ గుడ్డలో చుట్టి జంతువు కంట పడని చోట ఉంచండి. జిబహ్ చేయడానికి మరొకరిని పిలిచినా కత్తి బాధ్యత పిలిచిన ఇంటివారిదే. నాలుగిళ్ళు తిరిగి వచ్చే మనిషి చేతిలోని కత్తి ఏ స్థితిలో ఉందో అడిగి చూడడానికి మొహమాటపడవద్దు.

పదును నిలుపుకోవడం, పదును పట్ల మర్యాద

పెట్టిన పదును వారానికే పోతున్నదంటే లోపం సాధారణంగా పలకలో ఉంటుంది. గాజు, స్టీలు, గ్రానైటు మీద కోస్తే ఏ వాదరా నిలవదు. చెక్క పలక వాడండి. తరిగిన ముక్కలను కత్తి వాదరతో గీకి గిన్నెలో వేసే అలవాటు మానండి, వీపుతో నెట్టండి. కత్తిని గిన్నెల మధ్య సింకులో పడవేయవద్దు. వాదరకూ చేటు, అందులో చేయి పెట్టిన వారికీ చేటు. కడిగిన వెంటనే తుడిచి, అట్టతో చేసిన ఒరలోనైనా సరే పెట్టి ఉంచండి.

పదునైన కత్తి ఇంట్లో ఉన్నప్పుడు దాని మర్యాద కూడా పాటించాలి. ఒరలేని కత్తిని ఒకరికొకరు అందించుకోవడాన్ని దైవప్రవక్త (స) వారించినట్లు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. మస్జిదులో, బజారులో బాణాలతో వెళ్ళేవాడు వాటి మొనలను పట్టుకుని నడవాలని బుఖారీ, ముస్లింలలో ఉంది, ఎవరికీ గాయం కాకూడదని. పరిహాసానికైనా ఆయుధాన్ని సోదరుని వైపు చూపరాదన్న హెచ్చరిక కూడా ఈ రెండు గ్రంథాలలో కనిపిస్తుంది. వంటింట్లో వీటి అర్థం స్పష్టం. కత్తిని చేతికి అందించే బదులు బల్ల మీద ఉంచి తీసుకోమనాలి. అందించక తప్పకపోతే పిడి అవతలి వారి వైపుకు ఉండాలి. కత్తి చేతిలో ఉన్నప్పుడు దానిని ఊపుతూ మాట్లాడరాదు. పడిపోతున్న కత్తిని పట్టుకోబోక వెనక్కి జరగాలి.

ఈ పని ఎవరు నేర్చుకోవాలన్న ప్రశ్న వస్తే, రోజూ కత్తి పట్టేవారే ముందు నేర్చుకోవాలి. మన ఇళ్ళలో ఎక్కువగా అది స్త్రీలే. అయినా నూరడం మగవారి పని అన్న భావనతో, చేతిలో మొండి కత్తి పెట్టుకుని వారు వారాల తరబడి భర్త తీరిక కోసమో, కొడుకు సెలవు కోసమో ఎదురుచూస్తారు. ఉమ్ముల్ మూమినీన్ స్వయంగా రాతి మీద కత్తి నూరిన ఉమ్మత్‌లో ఈ సంకోచానికి చోటు లేదు. అలాగే ఆడపిల్లలకు నేర్పి మగపిల్లలను వదిలివేయడం కూడా సరికాదు. రేపు ఖుర్బానీ కత్తి పట్టవలసిన బాలుడు ముందుగా సానరాతి ముందు కూర్చోవాలి. పన్నెండు, పదమూడేళ్ళ వయసు వచ్చిన పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, మొదట పాత మొండి కత్తితో, మార్కర్ రంగుతో కోణం నిలపడం అలవాటు చేయండి.

ఖుర్బానీ సంకల్పించినవారు జిల్‌హిజ్జ నెలవంక కనబడినప్పటి నుండి గోళ్ళు, వెంట్రుకలు తీయడం ఆపుతారు. ఇంట్లోని కత్తులను బయటికి తీయడానికి ఆ సాయంత్రాన్నే గుర్తుగా పెట్టుకోండి. పదవ తేదీ వరకు వ్యవధి ఉంటుంది. రోజుకొక కత్తి చొప్పున నూరినా తీరికగా పూర్తవుతుంది. పొరుగింట్లో రాయి లేకపోతే వారి కత్తిని కూడా తెప్పించుకుని నూరి ఇవ్వండి.